ఇవాళ ఏం వారం?

"రోజూ వేసుకున్నారా?"

డాక్టరమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది.

"అవునండీ. సోమవారం మొదలెట్టాను. నిన్నటికి నాలుగయ్యాయి," అన్నాడు తాళాల షాపాయన తల గోక్కుంటూ.

"చీటీ మీద వారానికి ఒకటి అని రాశాను కదా!"

"నేను చేసిందీ అదేనండీ. సోమవారానికి ఒకటి, మంగళవారానికి ఒకటి. ఇవాళ ఏం వారం అని అడిగితే శుక్రవారం అంటాం కదా! ఇవాళ్టిది ఇంకా వేసుకోలేదు."

పక్క కుర్చీలో ఉన్న అతని అక్క నోరు తెరిచి, మళ్ళీ మూసింది. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. తెరిచిన నోరు ఉత్తినే మూయడం తమ్ముడు ఎప్పుడూ చూడలేదు.

గుండె లయ తప్పే జబ్బు ఆ అక్కాతమ్ముళ్ళిద్దరికీ ఉంది. పోయిన వారం ఇద్దరికీ విటమిన్ డి తక్కువగా ఉందని తేలితే, డాక్టరమ్మ ఒకే రకం మాత్రలు రాసింది. చెరో డబ్బా, డబ్బాకు ఎనిమిది.

"ఒక్కో మాత్రా ఏడు రోజులకు సరిపడేది," అంది డాక్టరమ్మ. "ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. కాల్షియం పెరిగితే, అసలే తాళం తప్పే గుండె ఇంకా గంతులేస్తుంది. తాళాలమ్మే మీకు ఇది నేను చెప్పాలా?"

అప్పుడు వచ్చింది అక్కకు గొంతు.

"ఒరేయ్, వారమంటే ఏడు రోజులని ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలుసు కదరా! గుండెతో పరాచికాలా?"

"తప్పే అక్కా."

"తప్పేనట! ఒక్క మాట నన్ను అడిగితే నీ సొమ్మేం పోయింది?"

"పోయినేడు మీరూ బీపీ మాత్రలు మూడు నెలలు మానేశారుగా," అంది డాక్టరమ్మ.

"అది వేరండీ. వేళ తప్పి వేసుకుంటున్నానని వీడు నాకు తప్పులు పట్టాడు. ఒళ్ళు మండి మానేశాను."

తమ్ముడు తల దించుకునే ఉన్నాడు. తుప్పు పట్టిన తాళంలో చెవి బలంగా తిప్పితే విరిగేది చెవేనని అతనికి షాపు నేర్పింది. నూనె చుక్క వేసి ఊరుకుంటే తాళం తనంతట తనే కదులుతుంది. నలుగురిలో ఒక పూట వెర్రివాడనిపించుకోవడం, గుండె పక్కన పెట్టి తూస్తే, ఏపాటి నష్టం?

కాసేపటికి అక్క గొంతు తగ్గించింది. "మాటవరసకి అడుగుతున్నానండీ. ఇలా నాలుగు మింగినవాళ్ళు ఇప్పుడేం చేయాలి?"

"ఆ మాత్ర ఆపేయాలి. గుండె మందులు మాత్రం సొంతంగా ఆపకూడదు. దాహం, వాంతులు, దడ ఉంటే వెంటనే రావాలి. ముందు రక్తంలో కాల్షియం చూడాలి."

"అయితే నాకూ చూడండి."

"నీకెందుకక్కా?" అన్నాడు తమ్ముడు.

"నీకు సూదంటే భయం కదరా! తోడుంటాను. నోరు మూసుకుని చెయ్యి చాపు."

ఇద్దరూ రక్తం ఇచ్చారు. ఆ తరవాత గంటన్నరసేపు అక్క కుర్చీలోంచి కదల్లేదు. తమ్ముడు కుర్చీలో కూర్చోలేదు. గోడ మీది గడియారం తన షాపులోదైతే ముల్లు వేలితో తిప్పేసేవాడే.

చివరికి కాగితాలు వచ్చాయి. డాక్టరమ్మ రెండూ పక్కపక్కన పెట్టి చూసింది.

"ఇద్దరిదీ బాగానే ఉంది. నాలుగుతో ఆగారు కాబట్టి సరిపోయింది. ఎనిమిదీ అవగొట్టి ఇంకో డబ్బా కొనుంటే నా మాట ఇలా ఉండేది కాదు. నాలుగు వారాలు ఆపండి. ఏడేసి రోజుల వారాలు! మళ్ళీ పరీక్ష చేసి చెప్తాను."

తమ్ముడు కళ్ళు తుడుచుకున్నాడు.

"నేనూ ఆపుతానండీ," అంది అక్క. "నేను వేసుకోవడం చూస్తే వీడికి మళ్ళీ వెర్రి పుడుతుంది."

బయటికి రాగానే అక్క హుకుం జారీ చేసింది. "ఇకనుంచి నీ డబ్బా నా దగ్గరే ఉంటుంది. ఏదీ?"

"షాపులో ఉందక్కా. సాయంత్రం తెస్తాను."

"మిగిలిన నాలుగూ లెక్కపెట్టి తీసుకుంటాను, జాగ్రత్త!"

"అలాగే అక్కా."

అక్కను ఇంటి దగ్గర దింపి, ఈల వేసుకుంటూ షాపుకు వెళ్ళాడు. సొరుగులోంచి తన మాత్రల డబ్బా తీశాడు. అక్క డబ్బాలో నాలుగే మిగలడం నిన్న రాత్రి అతని కంట పడింది.

సీలు విప్పి, లోపలున్న ఎనిమిదిలోంచి నాలుగు తీసేశాడు.