డి డ్రైవులో ఊరు

“కొత్త ఊరు మొదలుపెట్టండి” అంది కంప్యూటర్ తెర. పాత ఊరు ఎక్కడా కనిపించలేదు.

అతను ఆట మూసి మళ్ళీ తెరిచాడు. మళ్ళీ అదే మాట. అది అతని భార్య ఆట. మూడేళ్ళుగా ఒక్కో వీధీ వేసుకుంటూ, ఒక్కో ఇల్లూ పేర్చుకుంటూ కట్టిన ఊరు అది. ఆమె తను పనిచేసే మందుల కంపెనీ వాళ్ళు పెట్టిన శిక్షణకని బయల్దేరి వెళ్ళి రెండు రోజులే అయింది. ఇంకా పద్దెనిమిది రోజులకు గానీ రాదు.

చేసింది తనే. కొత్తగా కొన్న కార్ల పందెం ఆటకు నూట ఇరవై జీబీ జాగా కావాలి. చురుగ్గా పనిచేసే సి డ్రైవులో ముప్ఫై కూడా లేదు. తన ఆటల్లో దేన్నీ కదపబుద్ధి కాలేదు. ఆమె ఆట ఫోల్డరును కట్ చేసి, ఎప్పుడూ గురగురలాడే పాత డి డ్రైవులో పడేశాడు. ఊళ్ళు కట్టుకునే ఆటకు వేగంతో పనేముంది అనుకున్నాడు.

కంప్యూటర్లు బాగుచేసే బావమరిదికి ఫోన్ చేస్తే, సాయంత్రం దుకాణం కట్టేసి వచ్చాడు.

“కట్ చేసి పేస్ట్ చేశావా బావా? ఇదేమన్నా మంచమా, ఈ గదిలోంచి ఆ గదిలోకి ఈడ్చుకెళ్ళడానికి? ఆటల యాప్‌లోనే ‘తరలించు’ అని ఉంటుంది. అది నొక్కితే మిగతాదంతా అదే చూసుకుంటుంది.”

“సరే, ఇప్పుడేం చేద్దాం?”

“ఆట ఎక్కడికీ పోలేదు. కానీ అక్క కట్టిందంతా దాచే ఫోల్డరు ఖాళీగా ఉంది.” బయట తీగకు వేలాడే మూడో డ్రైవుతో సహా అన్నీ గాలించాడు. చెత్తబుట్టలో చూశాడు. ఇంటర్నెట్‌లో కాపీ ఉందేమో చూశాడు. “ఎలా పోయిందో నాకూ అంతు పట్టట్లేదు బావా. పోవడం మాత్రం పోయింది.”

“మీ అక్కకి నువ్వు చెప్పకూడదూ?”

“నన్నెందుకు ఇరికిస్తావు? చిన్నప్పుడు తన పెన్సిలు విరిచినందుకే వారం రోజులు మాట్లాడలేదు. నీ తిప్పలు నువ్వే పడు.”

బావమరిది వెళ్ళాక అతను ఫోన్ తీశాడు. ఊరి ఫొటో ఒకటైనా దొరక్కపోతుందా అని భార్య పంపిన సందేశాలు వెనక్కి జరుపుతూ పోయాడు. ఒకటి కాదు, నూట అరవై మూడు దొరికాయి. కట్టింది కట్టినట్టు పంపింది.

“చూడు, వంతెన అయిపోయింది.” దాని కింద అతను పెట్టిన బొటనవేలు బొమ్మ.

“బడికి గోడ పెట్టలేదు. పిల్లలు పారిపోవడానికి వీలుగా ఉంటుందని.” బొటనవేలు.

“ఇది మన ఇల్లు. నీ కోసం లిఫ్టు పెట్టాను. చెడిపోతే నీకు డ్యూటీ ఇంట్లోనే.”

అతను లిఫ్టు మెకానిక్కు. ఆ ఒక్కదానికి మాత్రం మాటల్లోనే జవాబిచ్చాడు. “వచ్చేటప్పుడు పాలు తే.”

ఫొటో పెద్దది చేశాడు. మేడ మీద కిటికీ పక్కన రెండు కుర్చీలున్నాయి. ఎదురెదురుగా వేసి ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే కార్ల పందెం ఆట తీసేశాడు. ఆ వెనకే యుద్ధాల ఆట తీసేశాడు. ఫుట్‌బాల్ ఆట దగ్గర చెయ్యి కాస్త ఆగింది గానీ, దాన్నీ తీసేశాడు. డి డ్రైవులో ఆ ఊరి ఆట ప్రతి మలుపు దగ్గరా ఆయాసపడుతోంది. ఈసారి ‘తరలించు’ నొక్కి దాన్ని సి డ్రైవుకు తెచ్చాడు. మొదటి ఫొటో ముందు పెట్టుకుని మొదటి రోడ్డు వేశాడు.

డ్యూటీకి ముందు గంటన్నర, వచ్చాక మూడు గంటలు అదే పని. వంతెన మూడుసార్లు వాగులో కూలింది. లైబ్రరీని బస్టాండుకు ఎదురుగా ఎందుకు పెట్టిందో కట్టేటప్పుడు గానీ తెలియలేదు, బస్సు ఆలస్యమైనవాళ్ళు వెళ్ళి కూర్చుంటారని. ఆసుపత్రిలో ప్రతి మంచానికీ ఒక కిటికీ ఉంది. ఫోన్లో ఆమె “ఏం చేస్తున్నావు?” అంటే “ఏముంది, మామూలే” అనేవాడు. ఆమె కూడా మరేమీ అడిగేది కాదు. కానీ మూడేళ్ళలో విననంత ఆమె మాట, ఈ కొద్ది రోజుల్లోనే విన్నట్టు అనిపించింది అతనికి.

ఆదివారం ఉదయం ఆమె వచ్చింది. అతను దాచదలుచుకోలేదు. ఊరిని తెర మీద తెరిచే ఉంచాడు. ఆమె సంచి దింపుతూ అటు చూసి, అలాగే నిలబడిపోయింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని వీధి వీధీ తిరిగి చూసింది. వంతెన దాటింది. బడి దగ్గర ఆగింది.

“నీకో మాట చెప్పాలి” అన్నాడు. “నా ఆటకి జాగా కోసం నీ ఆటని వేరే డ్రైవులోకి జరిపాను. నీ ఊరు పోయింది. ఇది నేను మళ్ళీ కట్టింది. ఫొటోలు చూసి కట్టాను.”

“ఏ ఫొటోలు?”

“నువ్వు పంపినవే. నూట అరవై మూడు.”

“అన్నీ చూశావా?”

“ఇప్పుడు చూశాను. తప్పు నాదే. నా చేతులారా పోగొట్టాను.”

ఆమె మౌసు మీంచి చెయ్యి తీసేసింది. కళ్ళు మాత్రం తెర మీంచి తిప్పలేదు.

“నువ్వు పోగొట్టలేదు” అంది మెల్లగా. “చూసేవాళ్ళు లేని ఊరెందుకని, వెళ్ళే ముందు నేనే తుడిచేశాను.”