హేవ్‌లాక్ వైపే

నూకన్న ఆ చిన్న పెట్టెను పడవ మీంచి పీకి, తెచ్చినవాడి కాళ్ళ దగ్గర పడేశాడు.

"నా పడవకి డబ్బాలు కట్టడానికి నువ్వెవడివిరా?"

జంగ్లీఘాట్ చేపల రేవు ఒడ్డున వలలు అల్లుకుంటున్న వాళ్ళంతా తలలెత్తారు.

వచ్చినవాడు జీవానందం. ఆ ఊళ్ళోనే ఆస్టినాబాద్‌లో సొంత కంప్యూటర్ కంపెనీ ఉందట.

"గుస్సా కాకు బాబాయ్. ఇది పడవలో ఉంటే, పడవ ఎక్కడుందో ఒడ్డు మీద ఫోన్‌లో చుక్కలా కనిపిస్తాది."

"కనిపిస్తాది! మా చేపల చోటు కూడా ఊరందరికీ కనిపిస్తాది. ఎవడు పంపేడు నిన్ను?"

చేపలు పడే చోటు ఆ రేవులో ఎవరూ చెప్పరు. ఉత్తరాన హేవ్‌లాక్ దీవి వైపని చెప్పి దక్షిణాన రట్లాండ్ దీవి వైపు పోతారు. ఒక్కోరోజు నిజమే చెబుతారు. ఏది ఏ రోజో ఇంట్లో ఆడవాళ్ళకి కూడా తెలియదు. ఈ పాడు అలవాటు వల్లే ఏనాడో వేటకెళ్ళిన అసిరయ్య దొరక్కుండా పోయాడు. అయినా మానితేనా!

నూకన్న కొడుకు లక్ష్ముడు మాత్రం పెట్టె తీసి ఇసుక దులిపాడు.

"ఇది ఏ కాలేజీలో నేర్చుకున్నావు భయ్యా?"

"కాలేజీ గడప తొక్కలేదు. చర్చి హాస్టల్లో మూలన ఓ పాత కంప్యూటర్ ఉండేది. చిన్నప్పట్నుంచీ దాంతో తంటాలు పడి నేనే నేర్చుకున్నా. మొట్టమొదట చేసింది ఓ ఆట. సముద్రంలో పడవ తప్పిపోతాది. దాన్ని వెతకాలి."

"దొరికేదా?"

"ఆటలో ఎప్పుడూ దొరికేది."

లక్ష్ముడు తండ్రి వైపు ఆశగా చూశాడు.

"అయ్యా, కట్టించుకుందాం."

"నోర్ముయ్! ఇచ్చేయ్ ఆడిది ఆడికి."

కొందరు కట్టించుకున్నారు. నూకన్న పడవ పెట్టె లేకుండానే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే లక్ష్ముడు ఒక్కడే పడవ తీశాడు.

"ఎటేపురా?" అంది చేపలమ్మే గవరమ్మ.

"హేవ్‌లాక్ వైపే అత్తా!" అని కన్ను గీటాడు.

కొడుకు తనంతవాడయ్యాడని నూకన్న మీసం దువ్వుకున్నాడు.

మధ్యాహ్నానికి గాలి ఎదురు తిరిగింది. సముద్రం నల్లగా లేచింది. పడవలు ఒక్కొక్కటే ఒడ్డు చేరాయి. లక్ష్ముడిది చేరలేదు.

"ఎటు వెళ్ళాడు?" అని వెతకబోయేవాళ్ళు అడిగారు.

 కొడుకు చెప్పింది నిజమో అబద్ధమో కన్నతండ్రికే తెలియదు!

జీవానందం పరుగెత్తుకొచ్చాడు. తన పెట్టెలున్న పడవల్ని ఫోన్‌లో చూసుకుంటూ, ఇటు పోండి, అటు తిరగండి అని వైర్‌లెస్‌లో గొంతు పోయేదాకా అరిచాడు. తిండి ముట్టలేదు. నూకన్న అతని పక్కనే కూర్చుని ఆ చుక్కల్ని చూస్తూ ఉండిపోయాడు. పెట్టె కట్టించుకున్న పడవలన్నీ అందులో ఉన్నాయి. తనదే లేదు.

చివరికి రట్లాండ్ అవతల లక్ష్ముడి పడవ బోర్లాపడి దొరికింది. మనిషి దొరకలేదు.

"కాస్త ముందు తెలిసుంటే బాబాయ్..." అంటూ జీవానందం ఇసుకలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత లేచి వెళ్ళిపోయాడు.

నూకన్న ఆ వెళ్ళేవాడినే చూశాడు.

"నా కొడుకు పోతే ఆడికెందుకే అంత ఏడుపు? ఎవడే ఆడు?"

గవరమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"మొదటిరోజే ఆణ్ణి పోల్చేను. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

"ఏటి చెప్పొద్దని?"

"అసిరయ్య పోయిన నాడు మనమంతా హేవ్‌లాక్ వైపు ఎతకబోతుంటే, 'మా నాన్న నాకు చెప్పేడు, రట్లాండ్ వైపే పోయేడు' అని నీ పడవ పట్టుకుని ఒదల్లేదు చూడు ఓ గుంటడు... నువ్వు చెంప పగలగొట్టి ఇవతలికి లాగీసిన ఆ గుంటడే ఈడు."