పక్కగది ఫోను

"వంతెన పేల్చెయ్, లేదా ఓడిపో," అన్నాడు శత్రుపక్షం తరఫున ఆడుతున్న శిక్షకుడు, మేజరు, ఎర్ర చెక్కముక్కలను మ్యాపు మీద నదివైపు జరుపుతూ.

ఎదురుగా నీలం ముక్కలతో ఆడుతున్నది శిక్షణలో ఉన్న అమ్మాయి. వార్‌గేమ్‌లో అంటే ఈ మ్యాపు మీది ఉత్తుత్తి యుద్ధంలో, ఆమె ఇప్పటికే రెండుసార్లు ఓడింది. ఈసారీ ఓడితే సైనిక శిక్షణ ఆపేసి ఇంటికి పంపేస్తారు.

నదికి అవతల ఆమె నీలం ముక్క ఒకటి చిక్కుకుపోయింది. దానికి దళపతి పక్కగదిలో కూర్చున్న తోటి విద్యార్థి, బక్కోడు. వాడికి మ్యాపు కనపడదు. ఫోనులో ఆమె చెప్పిందే వాడికి తెలుస్తుంది.

ఫోను మోగింది.

"తల్లీ, వెనక్కొచ్చేస్తున్నాం. వంతెన ఉంటుందిగా?"

ఆమె మేజరు వంక చూసింది.

"ఉంటుందని చెప్పు, ఆటేగా," అన్నాడాయన మెల్లగా. "నిజం తెలిస్తే చేతులెత్తేస్తాడు. నువ్వు పేలుడు మందు అమర్చేలోపే నేను వంతెన దాటేస్తాను."

ఆమె కళ్లు మూసుకుంది.

"ఉండదురా. పేల్చేస్తున్నాను. నువ్వు ఇవతలికి రాలేవు."



"ముందే చెప్పొచ్చుగా, ఊరికే పరిగెత్తించావు," అన్నాడు బక్కోడు. "సరే, ఇక్కడే కాచుకుని వాళ్లని ఆపుతాం. నువ్వు కంగారుపడకుండా పేల్చుకో."

బక్కోడి దళంతో పోరు తేల్చడానికి మేజరు పాచికలు వేశాడు. ఎర్రముక్కలు నది ఒడ్డుకు చేరనేలేదు. వంతెన పోయింది. ఆయన బక్కోడి నీలం ముక్కను తీసి పెట్టెలో పడేశాడు.

"గెలిచావు. ఇక ఫోను పెట్టెయ్."

ఆమె పెట్టలేదు.

"వాడింకా లైన్లోనే ఉన్నాడు సార్."