చదవని పేజీ

“ఆ కాగితాలు ఒకసారి ఇలా ఇస్తారా అమ్మా?”

ఏలూరు కోర్టు వరండాలో బల్ల మీద కూర్చున్న ముసలాయన అడిగాడు.

వీరదుర్గ సంచిని గట్టిగా పట్టుకుంది. “ఎందుకండీ? మీలాంటి బ్రోకర్లను చాలామందిని చూశాను.”

ఆయన నవ్వాడు. “నాకేమీ ఇవ్వక్కర్లేదు. చదివి చెబుతానంతే.”

వచ్చేపోయే లాయర్లంతా ఆయనకు నమస్కారం పెడుతున్నారు. పాత గుమస్తా కాబోలనుకుని కాగితాలు చేతికిచ్చింది. ఆమెకు చదువు రాదు.

మొదటి పేజీ చూసి ఆయన కళ్లజోడు తీసి, తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత ఒక్కో పేజీ చదివి వినిపించాడు. ఆఖరి పేజీ మాత్రం చదవకుండానే మడిచేశాడు.

“అసలేం జరిగిందో మీ నోటితో చెప్పండమ్మా.”

అడగడమే ఆలస్యం, వీరదుర్గ మొదలుపెట్టింది. మండవల్లి దగ్గర ఆమెకున్నది ఎకరం వరిచేను. దాని పక్కనే చేపల చెరువు తవ్వారు. చెరువు నీళ్లు గట్టు కింద నుంచి ఊరి, చేలో వరి వేళ్లు కుళ్లిపోతున్నాయి. ఆమె భర్త కేసు వేసి ఓడిపోయాడు. ఆ ఏడాదే జబ్బుచేసి పోయాడు. ఆ తీర్పు కాగితాలు పట్టుకుని ఇప్పుడు ఆమే కోర్టుకొచ్చింది.

“చేను చూడ్డానికి కోర్టు పంపిన కమిషనరు ఎప్పుడొచ్చాడో తెలుసాండీ? నడి వేసవిలో! చేపలు పట్టేసి, చెరువు ఎండగట్టేశాక! అప్పుడు ఊట ఎక్కణ్ణుంచి కనపడుద్దండీ? కొల్లేట్లో ఎవర్నడిగినా చెబుతారు. ఆ జడ్జీగారికి మాత్రం తెలీలేదు. అన్నం తింటాడో గడ్డి తింటాడో!”

“ఏ నెలలో చూశావని ఆ కమిషనర్ని అడగాల్సింది. అడగలేదు. తప్పేనమ్మా,” అన్నాడాయన.

“మధ్యలో మీరెందుకండీ బాధపడతారు? ఆ మహానుభావుడు హాయిగానే ఉండుంటాడు.”

ఆయన తల వంచుకున్నాడు.

మరుసటి వారం బస్సెక్కి మండవల్లి వచ్చాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, పిక్కల్లోతు బురదలో చేనంతా తిరిగి చూశాడు. ఉచితంగా వాదించే లాయర్ని పెట్టించాడు. అప్పీలుకి గడువు దాటిపోయిందంటే, ఆలస్యం మన్నించమని ఇంకో అర్జీ వేయించాడు.

ప్రతి వాయిదాకీ అదే బల్ల మీద కనిపించేవాడు. ప్రతి వాయిదాకీ వీరదుర్గ పాత జడ్జీని నాలుగు తిట్లు తిట్టేది.

“కానివ్వండమ్మా,” అనేవాడు ఓపిగ్గా.

ఈసారి కమిషనరు కార్తీకంలో, చెరువు నిండుగా ఉన్నప్పుడు వచ్చాడు. పాత తీర్పు కొట్టేశారు. గట్టు వెంట ఊట నీళ్లు పోయేందుకు కాలవ తవ్వాలని చెరువు యజమానిని ఆదేశించారు.

ఆ రోజు ముసలాయన వరండాలో లాయర్లందరికీ కోవా పంచిపెట్టాడు.

“గెలిచింది నేనండీ, సంబరం మీదా!” వీరదుర్గ పకపకా నవ్వింది.

తొలి పంట చేతికొచ్చింది. ఆయన కోసం కొత్తబియ్యం మూట కట్టుకుని ఏలూరు వచ్చింది.

బల్ల ఖాళీగా ఉంది.

“ఆయన పోయి పదిరోజులైందమ్మా. లోపల సంతాపసభ జరుగుతోంది,” అన్నాడు కోర్టు బంట్రోతు యేసుదాసు.

వీరదుర్గ మూట చంకనెత్తుకుంది. అలాగే హాల్లోకి వెళ్లింది. పూలదండ వేసిన ఫోటోలో ఆయన నల్లకోటు తొడుక్కుని, జడ్జీ కుర్చీలో కూర్చుని ఉన్నారు.

“ఈయన గుమస్తా కాదా?”

“గుమస్తా ఏంటమ్మా! జడ్జి నరసింహమూర్తిగారు. రిటైరై మూడేళ్లయింది,” అన్నాడు వెనకే వచ్చిన యేసుదాసు.

ఇంత పెద్దాయన నా చేలో బురద తొక్కారా! కళ్లు తుడుచుకుంటూనే ఆమె గర్వంతో పొంగిపోయింది. అందరూ చూస్తుండగా నడిచి వెళ్లి, కొత్తబియ్యం మూట ఫోటో ముందు పెట్టింది.

మైకులో పెద్ద లాయరుగారు అంటున్నారు: “తన తీర్పు తప్పని అప్పీల్లో కొట్టేసిన రోజున, మా అందరికీ కోవా పంచిన జడ్జీని ఇంకెక్కడ చూస్తామండీ?”

ఆఖరి పేజీలో సంతకం ఎవరిదో, వీరదుర్గకు ఇంకెవరూ చదివి చెప్పక్కర్లేకపోయింది.