మరకలు పోయిన పుస్తకాలు

నికెన్ ఆ ఇంట్లోకి వచ్చి మొట్టమొదట చేసిన పని, మాష్టారి కాఫీ గ్లాసు తీసి కిటికీలో పెట్టడం.

సర్వోకో మాష్టారికి ఒళ్ళు మండింది.

"నా ఇంట్లో నా కాఫీ ఎక్కడుండాలో నువ్వు చెబుతావా అమ్మాయ్?"

"ఎక్కడైనా ఉండనివ్వండి మాష్టారూ. ఈ పుస్తకం పక్కన తప్ప."

ఆయనకు నవ్వొచ్చింది. ఆ మాట వాళ్ళావిడ రుమిని అనేది.

ఇండోనేషియాలోని సెమరాంగ్‌లో, సముద్రం పోటెక్కితే వీధిలోకి నీళ్ళొచ్చే పేట అది. మాష్టారు బడిలో బొమ్మలు గీయడం నేర్పి రిటైరయ్యారు. రుమిని ముందుగదిలో బొమ్మల కథల పుస్తకాలు అద్దెకిచ్చేది. కత్తివీరుల కథలు, దయ్యాల కథలు. ప్రతి పుస్తకం లోపలా ఊదారంగు మల్లెపువ్వు ముద్ర వేసేది.

ఆమె పోయాక ఆ ఎనిమిది వందల పుస్తకాలే ఆయనకు మిగిలాయి. వాటిలో కొన్ని ఇప్పుడు దేశం మొత్తం వెతికినా దొరకవు.

గోడలు నడుం ఎత్తు దాకా చెమ్మ పీల్చేవి. ఏటా కొన్ని పుస్తకాలకు బూజు పట్టేది.

ఆదుకున్నవాడు తర్ముజి. స్టేషన్ వెనక పాత పుస్తకాల కొట్టు అతనిది. వానాకాలం రాగానే బూజు పట్టినవి పెట్టెలో సర్దుకుని తన ఇంటికి తీసుకెళ్ళేవాడు. నెల తర్వాత ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, చుట్టూ టేపు వేసి తెచ్చేవాడు. అట్టలు తళతళలాడేవి. కవరు విప్పితే గాలి తగిలి మళ్ళీ బూజు పడుతుందని హెచ్చరించేవాడు. రూపాయి పుచ్చుకునేవాడు కాదు.

"పెళ్ళాం పోయాక నాకు మాత్రం మీరు తప్ప ఎవరున్నారు మాష్టారూ" అనేవాడు.

నికెన్ నగర గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలు బాగుచేసే పనిలో ఉండేది. ఈ పుస్తకాల సంగతి విన్నానని, ఊరికే శుభ్రం చేసి పెడతానని వచ్చింది. ఊరికే ఎవరు చేస్తారని మాష్టారికి అనుమానమే. అయినా సరేనన్నారు.

ప్రతి గురువారం వచ్చేది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, కిటికీ నీడలో కూర్చుని, మెత్తటి కుంచెతో ఒక్కొక్క పేజీ దులిపేది. అలమర గోడకు జానెడు దూరం జరిపించింది. అరల్లో బొగ్గు ముక్కల సంచులు పెట్టింది. ప్లాస్టిక్ చెమ్మను ఆపదని, లోపలే పట్టి ఉంచుతుందని చెప్పింది.

తర్ముజి కవర్ల జోలికి మాత్రం వెళ్ళొద్దన్నారు మాష్టారు.

"ఎంత దులిపినా మరక ఉంటుంది మాష్టారూ" అంది ఒకరోజు. "బూజు చస్తుంది గానీ జాడ పోదు."

"మా తర్ముజి చేతిలో పడితే జాడ కూడా ఉండదు."

ఆమె కుంచె ఆగింది.

మూడో నెలలో ఒక గురువారం మాష్టారు టోఫు కొనడానికి వెళ్ళి, బండివాడు రాకపోవడంతో తొందరగా తిరిగొచ్చారు.

నికెన్ తర్ముజి కవర్లున్న అర ముందు గొంతుక్కూర్చుని ఉంది. పక్కన ఆమె సంచి. అందులో ఏడు పుస్తకాలు. మాష్టారు పైదాన్ని తెరిచారు. మల్లెపువ్వు ముద్ర.

"ఎన్నాళ్ళ నుంచి పట్టుకుపోతున్నావు?"

ఆమె మొహం పాలిపోయింది. చెప్పడానికి నోరు తెరిచి, మానేసింది.

"అవి మీవే మాష్టారూ. జాగ్రత్తగా ఉంచుకోండి. ఎండలో మాత్రం పెట్టకండి."

సంచి వదిలేసి వెళ్ళిపోయింది.

రుమిని పుస్తకాలు ముట్టుకోనిచ్చినందుకు ఇదా ఫలితం అనుకున్నారు. మొదటిరోజు తీసిన ఆమె ఫోటోను, కింద 'దొంగ' అని రాసి, పుస్తకాలు సేకరించేవాళ్ళ ఫోన్ గ్రూపులో పెట్టారు. అందరికంటే ముందు తర్ముజి జవాబిచ్చాడు. ఇలాంటివాళ్ళను వదలకూడదు మాష్టారూ, అని.

పది రోజులు ఆయన ఆ సంచి ముట్టుకోలేదు. పదకొండో రోజు పుస్తకాలను వాటి చోట పెడదామని అర ముందు కూర్చున్నారు.

చోటు ఖాళీగా లేదు.

అవే ఏడు పుస్తకాలు టేపు వేసిన కవర్లలో అక్కడే ఉన్నాయి.

మాష్టారు బ్లేడుతో కోశారు. అవే అట్టలు. లోపల ముద్ర లేదు, మరక లేదు, ఒక మూల నలిగి కూడా లేదు. తర్వాతెప్పుడో అచ్చేసిన ప్రతులు. సంచిలోని వాటికి ముద్రా ఉంది, దులిపిన బూజు జాడా ఉంది.

మిగతా కవర్లన్నీ విప్పారు. వాటన్నిటిలో మల్లెపువ్వు ముద్రతో రుమిని పుస్తకాలే ఉన్నాయి. టేపు మాత్రం కొత్తది.

ఆమె తీసుకుపోలేదు. తెచ్చి పెడుతోంది.

నాలుగేళ్ళుగా బూజు వదిలించి తెచ్చిన స్నేహితుడు ఏం తెచ్చాడో అప్పుడు అర్థమైంది. వీధిలోకి పోటు నీళ్ళు వస్తున్నా, ప్యాంటు పైకి మడుచుకుని గ్రంథాలయానికి బయల్దేరారు.

ఫోటో చూసి ఆమెను పనిలోంచి తీసేశారని కాపలావాడు చెప్పాడు. ఆమె అద్దెకున్న ఇంటి గుర్తులూ చెప్పాడు.

ఇంటావిడ పెరట్లో ఆరిన బట్టలు తీస్తోంది. నికెన్ మొన్ననే ఓడెక్కి సముద్రం అవతల కాలిమంతన్‌లో వాళ్ళ పిన్ని దగ్గరికి వెళ్ళిపోయిందట.

"ఎవడో ఫోన్లో దొంగ అని పెట్టాడంట. ఆ పిల్ల దొంగతనం చేస్తదా సామీ?"

ఆ ఎవడో తానేనని చెప్పకుండానే మాష్టారు అడిగారు.

"ఈ ఊళ్ళో ఆమెకు అయినవాళ్ళు ఎవరూ లేరా అమ్మా?"

"తండ్రున్నాడు, ఉండి ఏం లాభం. వెళ్ళేముందు, తను దొంగ కాదని ఒక్క మాట చెప్పమని అడగడానికి పోయింది, తలుపే తియ్యలేదంట" అంది ఆవిడ, చొక్కా దులుపుతూ. "స్టేషన్ వెనక పాత పుస్తకాల కొట్టు లేదూ, ఆ తర్ముజే."