శాలువా అంచు పూలు

"చెప్పులు! చెప్పులు బయట!"

ల్యాబులోకి అడుగు పెట్టబోయిన మనిషి ఉలిక్కిపడి వెనక్కి తగ్గాడు. ఖాకీ కోటు, మాసిన గడ్డం. ఓ పేపరు కవరుని రెండు చేతులతో గుండెకి అదుముకుని ఉన్నాడు.

మొండి మేడమ్ తలెత్తి చూసింది.

ఆఫీసువాళ్ళు ఆవిడకి చాటుగా పెట్టుకున్న పేరది. ఆవిడకి తెలియంది కాదు. పులి వెంట్రుకో, ఎంగిలో, పెంటో పరీక్షించి అది ఫలానా పులిది అని తేల్చడం ఆవిడ పని. తేలేదాకా ఆవిడ చేత అవుననిపించడం ఎవరి తరమూ కాదు.

"అడవి ఆఫీసు జీపులో వచ్చావా?"

"అవునమ్మా."

"డ్రైవరువి, నీకున్న తెలివి మీ ఆఫీసర్లకి లేదయ్యా. మొన్న తడి బట్టని ప్లాస్టిక్ సంచిలో కుక్కి పంపారు. బూజు పట్టి దేనికీ పనికిరాకుండా పోయింది."

"నీడలో ఆరబెట్టి, పేపరు కవర్లో పెట్టి తెమ్మన్నారు కదమ్మా. అలాగే చేశాను."

"సరే, ఆ బల్ల మీద పెట్టు."

పెట్టడానికి అంతసేపెందుకో ఆవిడకి అర్థం కాలేదు.

కవర్లో ఉన్నది శాలువా. అడవి అంచుకి కట్టెల కోసం వెళ్ళి పులి నోట పడిన ఓ ఇల్లాలిది. ఆ దగ్గర్లోనే ఓ ఆడపులి బోనులో పడింది. చంపింది ఇదే, కాల్చి పారేయండని బోను చుట్టూ కర్రలతో జనం. శాలువా మీది ఎంగిలి దాని వెంట్రుకతో సరిపోయిందా, దానికి నూకలు చెల్లినట్టే.

మేడమ్ కత్తెర తీసింది.

"కత్తిరిస్తారా అమ్మా?"

"మరి? చూస్తూ కూర్చుంటే తేలుతుందా?"

"అంచున పూలు కుట్టి ఉన్నాయి. అవి వదిలేసి..."

"పంటి గాటు పూల మీదే ఉంది. ఇదేమన్నా టైలరు షాపా?"

కత్తెర పూల మధ్య నుంచి కసకసా వెళ్ళింది. అతను గోడ వైపు తిరిగిపోయాడు.

"పులులు తిరిగే చోట జీపు నడుపుతావు, రక్తపు మరక చూస్తే కళ్ళు తిరుగుతాయా? బాగుందయ్యా!" అని ఆవిడ నవ్వింది.

అతను తలదించుకుని బయటికి నడిచాడు.

వెళ్ళిపోతాడనుకుంటే కారిడార్లో బెంచీ మీద కూర్చున్నాడు. రిపోర్టు పట్టుకెళ్ళడానికి కాబోలనుకుంది. సాయంత్రం ఆవిడ అటుగా వస్తే లేచి నిలబడ్డాడు.

"అదేనా అమ్మా?"

"ఇంకా తేలలేదు. నీకెందుకంత తొందర?"

"తొందరేం లేదమ్మా. ఎంతసేపైనా పట్టనీయండి. సరిగ్గా తేలితే చాలు."

తన సర్వీసులో ఆ మాట అన్నవాడు మరొకడు లేడు. కానీ నిలబడి మాట్లాడే తీరిక ఆవిడకి లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఫలితం వచ్చింది. మేడమ్ నమ్మక మళ్ళీ చేసి చూసింది. ఫలితం మారలేదు.

శాలువా మీద ఉన్నది మగపులి ఎంగిలి.

అప్పటికే అడవి ఆఫీసు పెద్దసారు రిపోర్టు కాగితం టైపు చేయించుకుని మరీ వచ్చేశాడు.

"సరిపోయిందని సంతకం పెట్టెయ్యమ్మా. సాయంత్రానికల్లా కాల్చేస్తాం, జనం చల్లబడతారు."

"సరిపోలేదు సార్. చంపింది మగపులి."

"ఆ సంగతి మనిద్దరికి తప్ప ఎవరికి తెలుసు?"

"ఆ మగపులికి తెలుసు. అది ఇంకా బయటే ఉంది. దీన్ని కాల్చి పీడ విరగడైందని చెప్తే, రేపు మళ్ళీ ఆడవాళ్ళు ధైర్యంగా కట్టెలకి వెళ్తారు. అప్పుడు ఎవరి శాలువా తెప్పిస్తారు?"

"నీ ఉద్యోగం సంగతి చూసుకో!"

"చూసుకునే మాట్లాడుతున్నా. అబద్ధం మీద నా సంతకం పడదు."

"భార్యని పోగొట్టుకున్నవాడికి ఏం చెప్పమంటావ్? ఈ పులి మంచిదనా? ఆ మనిషి ముఖం చూసి చెప్పగలవా నువ్వు?"

"పిలిపించండి. కళ్ళలోకి చూసి నేనే చెప్తా. తిడితే పడతా, కొడితే ఓర్చుకుంటా. సంతకం మాత్రం పెట్టను!"

తెరిచి ఉన్న తలుపు దగ్గర ఖాకీ కోటు కదిలింది. అతను ఆవిడకి రెండు చేతులూ జోడించి, గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు. ఇదంతా విన్నాడన్నమాట, వెళ్ళి జనానికి చెప్పి నా మీద ఎగదోస్తాడు అనుకుంది మేడమ్. ఎగదోస్తే ఎగదోయనీ!

ఉన్నదున్నట్టు రిపోర్టు రాసి, సంతకం పెట్టి, పెద్దసారు చేతిలోనే పెట్టింది. ఆయన ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయాడు.

కాసేపటికి ఓ కొత్త మనిషి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, ఆయన విప్పి పెట్టిన నా కోటు బెంచీ మీదుంది, తీసుకుంటున్నా. ఆయనేడీ?"

"నువ్వెవరు?"

"జీపు డ్రైవర్నమ్మా. నిన్న ఆయన్ని దింపేసి వేరే పనికి వెళ్ళా. చలికి వణుకుతుంటే నా కోటు ఇచ్చాను."

మేడమ్ కుర్చీలోంచి లేచింది.

"ఎక్కడికెళ్ళుంటాడో నాకు తెలుసులెండి," అన్నాడు డ్రైవరు. "బోను దగ్గరికే. మొన్న జనం మీదికొస్తుంటే ఆయనే అడ్డం నిలబడ్డాడు. 'ల్యాబులో తేలేదాకా దీని జోలికొస్తే నన్ను దాటి రండి' అన్నాడు. సొంత చుట్టాలే రాళ్ళేశారమ్మా. అయినా కదల్లేదు. తేల్చుకొస్తా ఆగండని, అందరిచేతా ఒట్టేయించుకుని మరీ జీపెక్కాడు."

మేడమ్ పరుగున గేటు దాకా వెళ్ళింది. రోడ్డు ఖాళీగా ఉంది.

తిరిగొచ్చి, బల్ల మీద రెండు ముక్కలైన పూల వైపు చూసింది.

"ఎవరయ్యా ఆయన?" అని అడిగింది.

"ఆ శాలువా కప్పుకున్నావిడ భర్తమ్మా."