నాలుగో గోడౌన్

"కొండమీది ఆసుపత్రికి నలభై ఆక్సిజన్ సిలిండర్లూ నాలుగో గోడౌన్ నుంచని రాశారు. మనకున్నవి మూడేగా సార్?" షీటు పట్టుకుని అడిగాడు లారీ డ్రైవరు.

మేనేజరు మురిపెంగా అల్లుడివైపు చూశాడు. రవాణా ఖర్చు తగ్గించే లెక్క కోసం అల్లుడు వారంగా ఏసీ కింద చెమటోడుస్తున్నాడు.

"సరుకు నలభై తక్కువైంది," అన్నాడు అల్లుడు. "లెక్క కుదరాలంటే లేని గోడౌన్ ఒకటి ఉందనుకోవాలి. అక్కణ్నుంచి రవాణా ఖర్చు సున్నా."

"మరి కోతంతా కొండమీదికేనా?" అన్నాడు డ్రైవరు.

"దూరం అదే కదా. అక్కడికి వెళ్లకపోతేనే ఎక్కువ ఆదా. లెక్కకి మొహమాటాలుండవు."

"బుర్రంటే అదీ," అన్నాడు మేనేజరు.

సరుకు తగ్గినప్పుడల్లా డ్రైవరు నాలుగు ఆసుపత్రులకీ తలా పది తగ్గించి, నాలుగు చోట్లా తిట్లు తిని వచ్చేవాడు. అది బుర్రలేని పనని ఇవాళే తెలిసింది.

"లేని గోడౌన్ నుంచి లేని సిలిండర్లు. బానే ఉంది. అక్కడి రోగులు కూడా లేరనుకోమంటారా?" అంటూ ఫోన్ చాపాడు. "కొండమీది నర్సమ్మ లైన్లో ఉంది. మీరే చెప్పండి."

అల్లుడు మామగారివైపు చూశాడు. మేనేజరు డ్రైవరు చేతిలోంచి షీటు తీసుకున్నాడు.

"ఎప్పట్లాగే తలా పది తగ్గించి లోడెత్తు. పెద్దాఫీసుకి మాత్రం అల్లుడుగారి షీటే వెళ్తుంది."

నాలుగో గోడౌన్ ఉన్నది పెద్దాఫీసు కాగితాల్లోనని డ్రైవరుకి అప్పుడర్థమైంది.